తిన్నగా తిరిగే చక్రం, మధ్యలో లేని చక్రం: ఒక పాత బుల్లెట్ కేసు

విజయవాడ ఆటోనగర్‌లో నాది చిన్న వర్క్‌షాప్. పాత ఇంజన్ల పని, ఛాసిస్‌లు సరిచేసే పని ఎక్కువగా వస్తుంది. సొంతంగా బండి కట్టుకునే అభిరుచి ఉన్నవాళ్లు ఎక్కడైనా చిక్కుకుపోతే నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లలో ఒకరి కేసు ఇది. యజమాని అనుమతితోనే రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు, బండి నంబరు ఇవ్వడం లేదు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే అధ్యాపకుడు అని మాత్రం చెప్పక తప్పదు. ఈ పనిలో ఆయన లెక్కలు నాకు చాలా ఉపయోగపడ్డాయి.

నేపథ్యం

బండి 1980ల నాటి బుల్లెట్ 350. పోత ఇనుము ఇంజన్, బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ., మొత్తం 346 సీసీ. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండే పాత పద్ధతి. మాస్టారి నాన్నగారు కొన్న బండి. ఆయన పోయాక పదేళ్లు వసారాలో గోనెపట్టా కింద ఉండిపోయింది. దాన్ని కేఫ్ రేసర్ తరహాలో, అంటే వెనక ఎత్తుగా, ముందు వంగినట్టు, ఒంటరి సీటుతో కట్టుకోవాలని మాస్టారు పని మొదలుపెట్టారు. ఆదివారాలు, సెలవు రోజులు కలిపి దాదాపు ఏడాదిన్నర పట్టింది.

చేసిన పనిలో చాలా భాగం బాగుంది. ఇంజన్ విప్పి, సిలిండర్ లేత్‌కు ఇచ్చి బోరు చేయించి, కొత్త పిస్టన్ వేసి, పాయింట్లు సరిచేసి ఆయనే బిగించుకున్నారు. రెండో కిక్కుకే స్టార్టవుతుంది. ఇంజన్ గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఇక నడకకు సంబంధించిన మార్పులు నాలుగు. వెనక 19 అంగుళాల రిమ్ము తీసి 18 అంగుళాల రిమ్ము అల్లించి, లావైన 4.00 టైరు వేశారు. వెనక షాక్ అబ్జార్బర్లు పాతవాటికంటే పొడవైనవి పెట్టారు. హ్యాండిల్ కురచది, కిందికి ఉండేది. సీటు కోసం వెనక గొట్టాలకు, షాకర్ల పై బిగింపుకు దగ్గరలో, రెండు బ్రాకెట్లు వెల్డింగ్ చేశారు.

వచ్చిన సమస్య

గంటకు 45 కి.మీ. దాకా బండి బాగానే ఉంటుంది. 55 దాటాక పట్టు కాస్త సడలిస్తే హ్యాండిల్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. 60, 65 మధ్య యాక్సిలరేటర్ వదిలితే ఊపు పెరుగుతుంది. గట్టిగా పట్టుకుంటే ఆగుతుంది. వీటితో పాటు బండి ఎప్పుడూ కుడి పక్కకు లాగుతూ ఉంటుంది. ఆయనకు అది అలవాటైపోయి ఫిర్యాదులో కూడా చెప్పలేదు. నేను నడిపి చూసినప్పుడే తెలిసింది. నా అనుభవంలో ముఖ్యమైన ఆనవాళ్లు తరచూ ఇలాగే దొరుకుతాయి. రోజూ నడిపేవాడి శరీరం లోపానికి సర్దుకుపోతుంది, నోటికి ఆ మాట రాదు.

పరీక్షలు ఊరి బయట, పని ఆగిపోయిన ఒక లేఅవుట్ రోడ్డు మీద, స్థల యజమానికి చెప్పి, తెల్లవారుజామున చేశాం. హెల్మెట్, మందపాటి జాకెట్ లేకుండా ఒక్కసారి కూడా బండి ఎక్కలేదు. ఊగే బండిని ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లి చూడటం ఎవరూ చేయకూడని పని.

నా దగ్గరికి రాకముందు

మాస్టారు అప్పటికే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) మార్చి, ముందు టైరు కొత్తది వేసి, ఫోర్కు ఆయిల్ మార్చి ఉన్నారు. మూడూ ఒకే రోజున. ఊపు తగ్గింది, కానీ నెమ్మదిగా వెళ్తున్నప్పుడు బండి తాగినవాడిలా పాములా తిరగడం మొదలైంది. మూడు పనుల్లో ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలిసే దారి లేకుండా పోయింది. హ్యాండిల్‌కు డ్యాంపర్, అంటే ఊపును అణిచే పరికరం, పెట్టమని ఎవరో సలహా ఇచ్చారట. అది పెట్టడానికే ఆయన నా దగ్గరికి వచ్చారు.

డ్యాంపర్ పెట్టనన్నాను. ఏ దోషమూ లేని బండికి గతుకుల్లో అది సాయం చేస్తుంది. దోషం ఉన్న బండికి పెడితే ఊపు మాయమై, దోషం మాత్రం మిగులుతుంది. 65 దగ్గర కనిపించే లక్షణం రేపు 85 దగ్గర బయటపడుతుంది. ఆ వేగంలో సర్దుకునే సమయం ఉండదు.

ముందుగా ముందు చక్రం నేల నుంచి లేపి, హ్యాండిల్‌ను మధ్య నుంచి వేలితో కొద్దిగా నెట్టాను. కోన్ సెట్ సరిగ్గా బిగించి ఉంటే హ్యాండిల్ తన బరువుకే పక్కకు వాలిపోవాలి. ఇది మధ్యలోనే నిలబడిపోయింది. కోన్ సెట్ అతిగా బిగించారు. ఆ బిగువే డ్యాంపర్ పని చేస్తోంది. సరైన బిగువుకు తెచ్చి నడిపితే, పాము నడక పోయింది, 60 దగ్గర ఊపు మొదటంత బలంగా తిరిగివచ్చింది.

మాస్టారి ముఖం చిన్నబోయింది. "అన్నగారూ, వెనక్కి వెళ్లామేమో" అన్నారు. నాకు మాత్రం ఆ రోజు పని ముందుకు కదిలినట్టే అనిపించింది. ఇప్పుడు చూస్తున్నది అసలు జబ్బు. ఇన్నాళ్లూ దాని మీద దుప్పటి కప్పి ఉంది.

నా పొరపాటు

తర్వాత రెండు చక్రాలనూ గాలిలో తిప్పి, రిమ్ము పక్కన పెన్సిల్ ఆనించి చూశాను. రెండింటిలోనూ ఊపు 1 మి.మీ.కి లోపే. వెనక చక్రం మరీ బాగా అల్లారు, ఎక్కడా కదలిక లేదు. పుస్తకంలో 'చక్రాలు బాగున్నాయి' అని రాసి పక్కన టిక్కు పెట్టాను. ఆ టిక్కు వల్ల రెండు ఆదివారాలు పోయాయి.

వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు చూశాను, వదులు లేదు. ఇక నా అనుమానమంతా మాస్టారి వెల్డింగ్ మీదికి మళ్లింది. కారణం లేకపోలేదు. వెల్డింగ్ చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, గొట్టాన్ని తన వైపు లాగుతుంది. చుట్టూ కొద్దికొద్దిగా, అటు కొంత ఇటు కొంత వేయకుండా ఒకే పక్క వేసుకుంటూ పోతే ఛాసిస్ వంకర పోవడం ఎన్నోసార్లు చూశాను. కొలిస్తే ఎడమ షాకర్ పై బిగింపు 3 మి.మీ. లోపలికి వచ్చి ఉంది. దొంగ దొరికాడనుకున్నాను. మధ్యలో స్టడ్డు (మరలున్న కడ్డీ) పెట్టి, నట్లు తిప్పుతూ, వేడి చేస్తూ దాన్ని యథాస్థానానికి తెచ్చాం. నడిపి చూస్తే ఇసుమంత తేడా లేదు.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. షాకర్ రెండు చివరలా రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది. ఆ 3 మి.మీ. రబ్బరు మింగేస్తుంది. వెనక చక్రం ఎక్కడ ఉండాలో నిర్ణయించేది స్వింగ్ ఆర్మ్, ఇరుసు, వాటి మధ్య చక్రం. షాకర్‌కు ఆ నిర్ణయంలో పాత్ర చాలా తక్కువ. ఇది నాకు తెలియనిది కాదు. అభిరుచితో పని నేర్చుకున్నవాడి వెల్డింగ్ కదా అన్న చిన్నచూపు, తెలిసినదాన్ని మరిపించింది. ఆయన పని మీద అనుమానపడినంతగా, వృత్తిలో ఉన్నవాళ్లు అల్లిన రిమ్ము మీద అనుమానపడలేదు. మాస్టారికి ఆ మాట నేరుగానే చెప్పాను.

చెయిన్ చెప్పిన సంగతి

మూడో ఆదివారం చెయిన్‌కు నూనె పెట్టడానికి వెనక కూర్చున్నాను. పొద్దుటి ఎండ స్ప్రాకెట్ మీద పడుతోంది. పళ్లకు ఒక పక్క అద్దంలా మెరుస్తోంది. రెండో పక్క నల్లగా, కొత్తదానిలాగే ఉంది. చెయిన్ లింకుల లోపల వేలు పెట్టి తడిమితే ఒక వైపు పలక చివర బ్లేడులా పదునెక్కింది. చెయిన్ వేసి 800 కిలోమీటర్లు కాలేదు.

బుల్లెట్‌లో చెయిన్ బిగువుకు ఇరుసు రెండు చివరలా నత్తగుల్ల ఆకారంలో గాళ్లున్న క్యామ్‌లు ఉంటాయి. రెండూ ఒకే గాడి మీద ఉండాలి. ఇక్కడ కుడి క్యామ్ ఒక గాడి ఎక్కువ తిరిగి ఉంది. "ఇది ఎందుకు తేడాగా ఉంది మాస్టారూ?" అని అడిగాను.

"దారం కట్టి అలైన్‌మెంట్ చూశానన్నగారూ. సమానంగా పెడితే ముందు చక్రం దగ్గర దారం ఒక పక్క ఎడం, ఒక పక్క దగ్గర వచ్చింది. కుడి వైపు ఒక గాడి తిప్పాక రెండు పక్కలా సమానమైంది."

నాకు విషయం అక్కడే అర్థమైంది. రెండు క్యామ్‌లనూ ఒకే గాడికి తెచ్చి, వెనక టైరుకు రెండు పక్కలా దారం ఆనించి ముందుకు లాగి కట్టాం. వెనక టైరు వెడల్పు కొలిస్తే 108 మి.మీ., ముందుది 88. తేడా 20. చక్రాలు రెండూ ఒకే గీతలో ఉంటే ముందు టైరుకు ప్రతి పక్కా దారం 10 మి.మీ. దూరంలో ఉండాలి. మాకు వచ్చినవి ఎడమన 18, కుడిన 2. అంటే వెనక చక్రం మొత్తంగా ఎడమ పక్కకు 8 మి.మీ. జరిగి కూర్చుంది. వంకర పోలేదు, జరిగింది. ఈ రెంటికీ తేడా తెలియకపోతే దారం అబద్ధం చెబుతుంది. పక్కకు జరిగిన చక్రాన్ని కొద్దిగా మెలితిప్పితే దాని ముక్కు ముందు చక్రం మధ్యకు చూస్తుంది, దారం రెండు వైపులా సమానంగా కనిపిస్తుంది. మాస్టారు తెలియక చేసింది అదే.

ఆయన అక్కడే నోటుపుస్తకం తీసి లెక్క వేశారు. ఇరుసుల మధ్య దూరం 1370 మి.మీ. అంత దూరంలో 8 మి.మీ. సరిచేయాలంటే, రెండు క్యామ్‌ల మధ్య ఉన్న 200 మి.మీ.లో దాదాపు 1.2 మి.మీ. తేడా పెట్టాలి. అంటే సుమారు ఒక గాడి. లెక్క, క్యామ్, చెయిన్ అరుగుదల మూడూ ఒకే మాట చెప్పాయి.

చక్రం ఎందుకు జరిగింది? బుల్లెట్ వెనక హబ్‌కు ఒక వైపు బ్రేకు డ్రమ్ము, స్ప్రాకెట్ ఉంటాయి. అందువల్ల రిమ్ము హబ్‌కు సరిగ్గా మధ్యలో రాదు. ఎంత పక్కకు ఉండాలో కొలిచి, ఆ కొలత ప్రకారం అల్లాలి. మాస్టారు పాత చక్రం విప్పి, రిమ్ము పాత ఇనుముకు ఇచ్చేసి, హబ్ ఒక్కటే రిమ్ము అల్లేవారికి పట్టుకెళ్లారు. అల్లినవారికి కొలత లేదు. కంటికి మధ్య అనిపించిన చోట రిమ్ము నిలబెట్టి, ఎక్కడా ఊపు లేకుండా ఎంతో చక్కగా అల్లారు. చక్రం తిన్నగా తిరగడం వేరు, ఉండాల్సిన గీత మీద తిరగడం వేరు. బొంగరం నిశ్చలంగా తిరుగుతున్నంత మాత్రాన గిరి మధ్యలో తిరుగుతున్నట్టు కాదు. నేను పెన్సిల్ ఆనించి చూసింది మొదటిదాన్ని మాత్రమే.

ఏ దారి పట్టాలి

మొదటి దారి, ఉన్న స్పోకులతోనే ఒక వైపు వదులు చేస్తూ, రెండో వైపు బిగిస్తూ రిమ్మును జరపడం. రెండు మూడు మి.మీ. అయితే నేనూ ఆ పనే చేసేవాడిని. 8 మి.మీ. జరపాలంటే ఒక వైపు స్పోకు చివరలు నిప్పుల్ (రిమ్ములో స్పోకును పట్టే నట్టు) దాటి ట్యూబును పొడుస్తాయి, రెండో వైపు మర చాలినంత పట్టదు. వద్దనుకున్నాం.

రెండో దారి, అదే 18 రిమ్ముకు సరైన పొడవులో కొత్త స్పోకులు చేయించడం. మూడో దారి, 19 అంగుళాల రిమ్ముకు, 3.25 టైరుకు తిరిగి వెళ్లడం.

నేను మూడోదాని వైపే గట్టిగా మాట్లాడాను. ఎలాగూ స్పోకులు కొత్తవి కావాలి. 19కి సరైన పొడవు సెట్టు మార్కెట్లో దొరుకుతుంది, 18కి ప్రత్యేకంగా చేయించి, సరిపోతాయో లేదో అల్లి చూడాలి. ఇంకొకటి చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చే మార్పు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఐదేళ్లకోసారి ఉంటుంది, అప్పుడు బండిని చూపించాలి. రోడ్డు మీద నడపాలని కట్టుకునే బండి ఎంత అందంగా ఉన్నా, ప్రమాదం జరిగిన రోజున బీమా వాళ్ల ముందు నిలబడగలగాలి. ఈ మాట అభిరుచి ఉన్నవాళ్లకు చేదుగా ఉంటుందని తెలుసు. అయినా పని ఒప్పుకునే ముందే చెబుతాను.

మాస్టారికి ఆ లావు టైరంటే ప్రాణం. వారం రోజులు ఆలోచించుకుని, చివరికి మూడో దారికే ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు, చక్రం తానే అల్లుకుంటానని.

కొలత కోసం, విప్పని వెనక చక్రమున్న అదే కాలపు బుల్లెట్ ఒకటి సర్వీసుకు వచ్చేదాకా ఆగాం. డ్రమ్ము అంచు మీద సన్నని ఇనుప పట్టీ అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి రిమ్ము అంచు దాకా స్కేలుతో నాలుగు చోట్ల కొలిచాం. ఆ అంకె ఇక్కడ ఇవ్వను. ఈ బండ్లలో హబ్ ఒకే రకం కాదు, నా అంకె పట్టుకుని ఎవరైనా అల్లితే ఇదే కథ మళ్లీ మొదలవుతుంది. ఎవరి చక్రం వారు విప్పకముందే కొలుచుకోవాలి. రిమ్ము వెడల్పు మారుస్తుంటే, అంచు నుంచి కాకుండా రిమ్ము మధ్య గీత నుంచి లెక్కించాలి.

40 స్పోకుల చక్రం. మాస్టారు రెండుసార్లు తప్పు అల్లి విప్పారు. మూడోసారి నాలుగు గంటలు పట్టింది. చివర్లో చిన్న స్పానర్‌తో ఒక్కో స్పోకు మీద తడుతూ, మోత వింటూ తిరిగారు. వదులుగా ఉన్నది 'టక్' మంటుంది, బిగువుగా ఉన్నది మోగుతుంది. ఒకే వైపు స్పోకులన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో పలకాలి. మూడు చోట్ల తేడా నాకంటే ముందు ఆయన చెవే పట్టింది.

మిగిలిన సగం

చక్రం బిగించాం. క్యామ్‌లు రెండూ ఒకే గాడి. టైర్లు రెండూ ఇప్పుడు ఒకే వెడల్పు కాబట్టి దారం ముందు టైరును రెండు పక్కలా సన్నగా తాకుతూ పోయింది. నడిపితే కుడికి లాగడం పూర్తిగా పోయింది. ఊపు చాలా తగ్గింది. అయినా 65 దగ్గర యాక్సిలరేటర్ వదిలితే ఒకటి రెండు ఊపులు మిగిలాయి.

ఇక పొడవైన షాకర్ల వంతు. మొదటి నుంచీ వాటి మీద నాకు అనుమానం ఉంది. కానీ ముందు రిమ్ము పని పెట్టుకోవడానికి కారణం, దానికి కళ్ల ముందు సాక్ష్యం ఉంది, షాకర్లకు లెక్క మాత్రమే ఉంది. రెండూ ఒకేసారి మారిస్తే, ఒకే రోజు మూడు పనులు చేసిన తప్పే మళ్లీ చేసినట్టు.

లెక్క ఇది. స్టీరింగ్ గొట్టం వాలును నేల దాకా పొడిగిస్తే, అది నేలను తాకే చోటు, టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందు ఉంటుంది. ఆ దూరమే ట్రెయిల్. ఆఫీసు కుర్చీ కింది చక్రం నెట్టిన వైపుకే తిరిగి వెనక నడవడానికి కారణం ఇదే. ముందు చక్రాన్ని ఎప్పటికప్పుడు తిన్నగా చేసేది ట్రెయిల్. కొత్త షాకర్లతో బండి వెనక 40 మి.మీ. లేచింది. 1370లో 40 అంటే దాదాపు 1.7 డిగ్రీలు బండి మొత్తం ముందుకు వాలింది. దానివల్ల ట్రెయిల్ సుమారు 10 మి.మీ. తగ్గుతుందని మాస్టారు రెండు రకాలుగా లెక్కగట్టి చూపించారు. పైగా హ్యాండిల్ కురచది, వణుకును ఆపడానికి చేతికి దొరికే పట్టు తక్కువ.

పాత పొడవు షాకర్లు అరువు తెచ్చి బిగించాం. 50 నుంచి 75 దాకా, యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు పట్టి, పన్నెండుసార్లు నడిపాం. ఊపు లేదు. నమ్మకం కోసం పొడవైనవి మళ్లీ వేశాం, ఊపు వచ్చింది. తీశాం, పోయింది. ఈ చివరి పని చాలామంది చేయరు. జబ్బును కావాలని తిరిగి రప్పించగలిగినప్పుడే దాని కారణం దొరికినట్టు లెక్క.

అయితే వెనక ఎత్తుగా ఉండే ఆ రూపం కోసమే మాస్టారు ఏడాదిన్నర పని చేశారు. దాన్ని తీసేయమనడం నాకూ బాధగానే ఉంది. ఇద్దరం బండిని పక్క నుంచి ఫోటో తీసి, కాగితం మీద గీస్తూ కూర్చున్నాం. ఎత్తు కనిపించేది ఇరుసు దగ్గర కాదు, సీటు తోక దగ్గర. సీటు రేకు వెనక భాగాన్ని 45 మి.మీ. పైకి లేపి, ట్యాంకు కింది గీతతో కలిసేలా మళ్లీ కొట్టారు. పది అడుగుల దూరం నుంచి చూస్తే బండి ముందులాగే దూకబోతున్నట్టు ఉంది. షాకర్లు మాత్రం పాత పొడవే. ఆ సీటు, హ్యాండిల్ సంగతి తెలుసుకోవడానికి ఆయనే ఫోటోలు పట్టుకుని రవాణా కార్యాలయానికి వెళ్లారు. ట్యాంకుకు నాన్నగారి నాటి నలుపు రంగు, బంగారు గీతలు, కుడి పక్క సొట్టతో సహా అలాగే ఉంచారు.

ఈ కేసు తర్వాత నా పద్ధతి మారింది

సొంత బండి విప్పబోయేవారు ఎవరు అడిగినా, స్పానర్ పట్టేముందు ఒక పూట కొలతలకే కేటాయించమంటున్నాను. దారం కట్టి రెండు చక్రాల గీత, డ్రమ్ము నుంచి రిమ్ముకు దూరం, షాకర్ల పొడవు, బండి నిటారుగా ఉన్నప్పుడు ముందు వెనక ఎత్తులు. పాత భాగం పనికిరానిదైనా, కొత్తది రోడ్డు మీద రుజువయ్యేదాకా పారేయవద్దంటున్నాను. మాస్టారి పాత రిమ్ము పాత ఇనుములో కలవకుండా ఉంటే ఈ పని ఒక్క ఆదివారంలో తేలేది. నా పుస్తకంలో చక్రం పరీక్షకు ఇప్పుడు రెండు గడులు ఉన్నాయి, 'ఊపు' ఒకటి, 'మధ్య' ఒకటి.

మొన్న మాస్టారు మామూలు సర్వీసుకు వచ్చారు. కొత్త చెయిన్ వేసి 3,000 కిలోమీటర్లు అయింది. వెనక కూర్చుని స్ప్రాకెట్ తిప్పి చూశాను. పళ్లకు రెండు పక్కలా ఒకే మెరుపు. లింకుల లోపల వేలు పెడితే రెండు పలకలూ నున్నగా తగిలాయి. మాస్టారు కూడా పక్కనే కూర్చుని, చొక్కా చేయి మడిచి, వేలు పెట్టి తడిమి చూసుకున్నారు.